ఒంటెద్దు బేరం

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒక తుపాకుల ఆట కొనాలా వద్దా అన్న పంచాయితీ నడిచింది. నవ్వకండి. ఈ ఫ్లాటు కొన్నప్పుడు కూడా అంత తర్జనభర్జన జరగలేదని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

నా పేరు మృదుల. పేరుకీ మనిషికీ పొంతన లేదని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది. పుట్టి పెరిగింది కాకినాడ. ప్రసన్నకుమార్‌ని ఇష్టపడి పెళ్ళి చేసుకుని ఎల్బీ నగర్ వచ్చిపడ్డాను. వాళ్ళది నల్గొండ జిల్లాలో మునుగోడు వైపు పల్లె. పెళ్ళయిన మొదటి ఎండాకాలమే మా ఆయన్ని ఆఫీసువాళ్ళు వానలు పడేదాకా పుణెలో ఉండమన్నారు. అదే వారం అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా ఆడపడుచు యాదలక్ష్మికి రెండో కాన్పు అయింది. పసిదానికి నీళ్ళు పోయడానికి మా అత్తగారు కౌసల్యమ్మ మూట సర్దుకుని అక్కడికి వెళ్ళిపోయారు. ఇంట్లో మిగిలింది నేనూ, మా మామగారు జానయ్య గారూ.

మావయ్య గారు చాలా మంచివారు. చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్ళ ఊళ్ళో కోడలు కూర్చున్న గదిలోకి మామ ఊరికే రాడు. గుమ్మం అవతల నిలబడి దగ్గుతాడు, కోడలు లేచి లోపలికి వెళ్తుంది, అప్పుడు వస్తాడు. ఊరు వదిలి ఇన్నేళ్ళయినా ఆయన ఆ దగ్గు వదల్లేదు. నాతో ఏదైనా చెప్పాలంటే ఫ్రిజ్ వైపు తిరిగి, "మంచినీళ్ళు ఉన్నయా?" అనేవారు. ఫ్రిజ్ తరఫున నేను జవాబు చెప్పేదాన్ని. మరీ ముఖ్యమైన సంగతైతే పుణెకి ఫోన్ చేసేవారు. పక్క గదిలో ఉన్న నాకు పుణె నుంచి ఫోన్ వచ్చేది, "కూరకేం తేవాలని నాన్న అడుగుతున్నడు" అని.

మాది చివరి అంతస్తు. మధ్యాహ్నం అయ్యేసరికి పడగ్గది రొట్టెల పొయ్యి అయిపోయేది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కూలరు హాల్లో, టీవీ పక్కన. అది కూడా మావయ్య గారు ఏరికోరి బేరమాడి తెచ్చిందే. విమానం లేచినంత మోత. ఇన్సూరెన్స్ కంపెనీ పని ల్యాప్‌టాప్‌లో ముగించుకుని నేను హాల్లోకి రాగానే ఆయన భుజాన కండువా వేసుకుని బయట మెట్ల మీదకు పోయేవారు. పెద్దాయన ఎండలో కూర్చున్నాడే అని నేను సిగ్గుపడి మళ్ళీ నా పొయ్యిలోకి పోయేదాన్ని. నేను పోయానని తెలిసేదాకా ఆయన వచ్చేవారు కాదు. కూలరు మాత్రం ఎవరూ లేని హాలుకి శ్రద్ధగా గాలి కొట్టేది.

ఇక నా ఆట సంగతి. నాకు చిన్నప్పటి నుంచీ తుపాకుల ఆటలంటే పిచ్చి. అందులోనూ ఒక్కళ్ళే ఆడుకునేవే ఇష్టం. ఆన్‌లైన్లో నలుగురితో ఆడితే, ఆడపిల్ల గొంతు వినగానే మైకులో కుర్రాళ్ళు మొదలుపెట్టే వాగుడు మీకు తెలియంది కాదు. ఆ వేసవిలోనే ఒకటి వచ్చింది. మంచుకొండల మధ్య పాడుబడ్డ గనుల ఊరు, తప్పిపోయిన తన దళం కోసం వెతుక్కుంటూ పోయే ఒక సైనికురాలు. చుట్టూ మంచు. ఆ ఎండల్లో ఆ మంచు చూస్తేనే నాకు ప్రాణం లేచొచ్చింది.

డబ్బు ఇబ్బంది కాదు, నా జీతం నాకుంది. ఇబ్బంది హాలుతో, ఆట పెట్టాల్సిన టీవీ అక్కడే ఉంది మరి. ఆట మొదలుపెడితే రోజూ సాయంత్రం దాకా హాలు నాదైపోతుంది, పెద్దాయన మెట్ల పాలవుతారు. కొనకపోతే ఆ పడగ్గదిలో ఒంటరిగా నాకు పిచ్చెక్కుతుంది. అమ్మేమో రోజూ ఫోన్లో ఒకటే పాట, మీ ఆయన వచ్చేదాకా ఇక్కడికి వచ్చెయ్యవే అని. వెళ్తే మళ్ళీ ఈ ఇంటికి చుట్టంలాగే తిరిగొస్తానని నాకు భయం. పెళ్ళయిన కొత్తలోనే అలా పుట్టింటికి చేరిన కోడలంటే ఇక్కడివాళ్ళు ఏమనుకుంటారో ఊహించుకోవడానికి నాకు పెద్ద కష్టం కాలేదు. కాబట్టి ఆ ఆట కొనడం అంటే నా వరకు, ఉండటమా వెళ్ళడమా అని తేల్చుకోవడమే.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎంతకీ రాలేదు. ఇద్దరికీ మెట్లే గతి అయింది. ఆయన కింది మెట్టు మీద, నేను పై మెట్టు మీద, మధ్యలో మర్యాద. నేను ఫోన్లో ఆ ఆట గురించి ఒక కుర్రాడు చెప్తున్న వీడియో చూస్తున్నాను. వాడు ఆహా ఓహో అంటున్నాడు. అంతకు ముందు చూసినవాడు, రెండు రోజుల్లో అయిపోయే కథకి ఇంత పెట్టడం దండగ అన్నాడు. ఎవర్ని నమ్మాలో తెలియక గట్టిగానే నిట్టూర్చినట్టున్నాను.

మావయ్య గారు మెట్ల కటకటాలని అడిగారు. "గా పిలగాడు ఎవరి దిక్కు మనిషి?"

"ఎవరి వైపూ కాదండీ. ఆటలు కొనొచ్చో లేదో చెప్తుంటాడు."

"ఊకెనే చెప్తడా?"

"కంపెనీవాళ్ళు ముందుగానే ఉత్తినే పంపిస్తారండీ ఆడి చూడమని."

ఆయన కటకటాల కేసి తలాడించారు. "అట్లనా. అంగట్ల గసుంటోళ్ళు మస్తుమంది ఉంటరు. అమ్మేటోని దగ్గర చాయ తాగుతరు, కొనేటోని దగ్గర బీడీ తాగుతరు."

అప్పుడు తెలిసింది నాకు. మావయ్య గారు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, ఎవరు ఎడ్లు కొనాలన్నా ఈయన్ని వెంటబెట్టుకుని అంగడికి పోయేవారట. ఎద్దును చూసిన రోజే కొనకూడదు. నిలబెట్టి చూడాలి, నడిపించి చూడాలి, బురదలో దింపి చూడాలి. ఇదంతా ఆయన కటకటాలకి చెప్తుంటే నేను విన్నాను. నేను ట్రైలర్ పెట్టి ఫోను కింది మెట్టు మీద ఉంచాను. అందులో కొండలు పేలాయి, వంతెనలు కూలాయి, సంగీతం హోరెత్తింది.

మావయ్య గారు చివరిదాకా చూసి పెదవి విరిచారు. "గిది కొమ్ములకు రంగేసి సూపిచ్చుడు. నడిపిచ్చి సూడాలె."

నడిపించి చూడటానికి మర్నాడే దిల్‌సుఖ్‌నగర్ బయల్దేరాం. మెట్రోలో నేను ఆడవాళ్ళ పెట్టెలో, ఆయన చిట్టచివరి పెట్టెలో. స్టేషను దిగి బట్టల షాపుల సందులోకి తిరిగితే, మేడ మీద జోగారావు గారి షాపు. వాడిన ఆటల డిస్కులు కొంటారు, అమ్ముతారు. భీమవరం మనిషి, నాలుక మీద తేనె. డిస్కు చేతికివ్వబోతే మావయ్య గారు పుచ్చుకోలేదు.

"నడిపిచ్చి సూపియ్యి."

"అలాగేనండి, దానికేం భాగ్యం," అని ఆయన షాపులోని టీవీలో ఆట పెట్టారు. పిస్తోలు పట్టుకుని సైనికురాలు మంచులో పరుగెత్తింది. మావయ్య గారు స్టూలు ముందుకు జరుపుకుని కాళ్ళకేసి చూడసాగారు. మొహం కాదు, తుపాకీ కాదు, కాళ్ళు.

"ఎనుకకు నడిపియ్యి."

"వెనక్కెందుకండీ బాబూ? శత్రువులు ముందున్నారు."

"మంచిది ఎనుకకు గూడ నడుస్తది. నడిపియ్యి."

జోగారావు గారు వెనక్కి నడిపించారు. నాలుగడుగులు వేసి ఆ సైనికురాలు కొండ అంచు మీంచి లోయలో పడిపోయింది.

"సచ్చిందా?" అన్నారు మావయ్య గారు కంగారుగా.

"అబ్బే, మళ్ళీ లేస్తుందండి. ఎన్నిసార్లు పోయినా లేస్తుంది."

"లేస్తదా! గీ గుణం మంచిగున్నది." ఆయన మొహం వికసించింది. ఆ ఉత్సాహంలో భుజం మీది కండువా తీసి జోగారావు గారి చేతి మీద కప్పి, కింద నుంచి ఆయన వేళ్ళు పట్టుకున్నారు. అంగట్లో ధర నోటితో చెప్పరట. కండువా కింద వేళ్ళు పట్టుకుని తేల్చుకుంటారట. పాపం జోగారావు గారికి అదేం తెలుసు! "ఏంటండీ ఇది! చెయ్యి వదలండి, గిరాకీ చూస్తున్నారు!" అని గింజుకున్నారు. నేను డిస్కుల అరల వెనక్కి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

బేరం కుదిరినట్టే ఉంది. అప్పుడు మావయ్య గారు టీవీ కేసి చూస్తూ మాటవరసకి అడిగారు, "రెండో మనిషి ఎప్పుడొస్తడు?"

"రెండో మనిషి ఉండరండి ఇందులో. ఒక్కళ్ళే ఆడతారు. సింగిల్ ప్లేయర్."

మావయ్య గారి మొహంలో వెలుగు పోయింది. కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "అంటే ఒంటెద్దు. ఒంటెద్దును ఎవలన్న కొంటరా? నాగలి కట్టరాదు, బండి కట్టరాదు. ఒద్దు." అని నా వైపైనా చూడకుండా మెట్లు దిగిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కావాలంటే ఆ నిమిషంలోనే కొనుక్కోగలను. కానీ ఆయన వద్దన్నాక కొని, ఆయన్ని మెట్ల మీదకి తోలి, నేను కూలరు కింద కూర్చుని ఆడనా? ఉత్త చేతుల్తో ఇంటికి వచ్చాను. వచ్చీ రాగానే అమ్మకి ఫోన్ చేశాను.

"ఆదివారం బస్సుకి వచ్చేస్తానమ్మా."

"ఏమైందే? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"లేదమ్మా, ఎవరూ ఏమీ అనలేదు. అదే చెప్తున్నాను. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. ఒక్కదాన్నే ఉన్నానమ్మా ఇక్కడ." అంటూనే ఏడ్చేశాను. ఏడుపు అయ్యాక చూస్తే మెట్ల వైపు తలుపు ఓరగా తెరిచే ఉంది. అవతల మెట్టు మీద కండువా అంచు కనబడింది.

శనివారం పొద్దున్నే మావయ్య గారు ఎవరికీ చెప్పకుండా బయటికి పోయారు. ఫ్రిజ్‌కి కూడా చెప్పలేదు. నేను బట్టలు సర్దుకున్నాను. పెట్టె మూసి, కాస్త చల్లగాలి కోసం హాల్లోకి వచ్చి కూలరు ముందు నేల మీద చతికిలబడ్డాను. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ తలుపు తెరుచుకుంది. దగ్గు వినబడలేదు. మావయ్య గారు నేరుగా లోపలికి వచ్చి, నా పక్కగా ఉన్న కుర్చీలో కూర్చుని, కండువాతో మొహం తుడుచుకున్నారు. నేను గబుక్కున లేవబోయాను.

"కూసో, కూసో," అన్నారు. చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు నా ముందు పెట్టారు. అందులో ఆ డిస్కు ఉంది.

"ఒంటెద్దును కొనరని చెప్తి గద. తప్పు జెప్పిన. కొనేటోళ్ళు ఉంటరు, నేనే యాది మర్సిన," అన్నారు. ఫ్రిజ్‌తో కాదు, నాతోనే. "ఇంట్ల ఇంకొకటి ఉన్నోడు కొంటడు. జోడు కలుపుతందుకు ఒక్కదాన్నే ఎతుకుతడు. ఆట ఒక్కరిదే గావచ్చు. ఇంట్ల ఇద్దరమున్నం గద బిడ్డా."

 కళ్ళు తుడుచుకుని, "కొనేశారా మావయ్య గారూ?" అన్నాను.

"కొనలే. శుక్రవారం దాక ఇంట్ల కట్టేసుకొని సూస్తమన్న. మేత ముట్టకపోతే వాపసు తెస్తమన్న. గా సారు పరేషాన్ అయిండు. మళ్ళ కండువా తీస్త అని భయపడ్డడేమో, ఇచ్చిండు."

సర్దిన బట్టల పెట్టె విప్పకుండానే ఆట పెట్టాను. జాయ్‌స్టిక్ నాది, వెనక నుంచి ఎవడైనా వస్తున్నాడేమో చూసే పని ఆయనది. పని పంచుకోవడం బాగానే ఉంది కానీ ఒక చిక్కొచ్చింది. మావయ్య గారికి కుడి, ఎడమ అనే అలవాటు లేదు. ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, ఏది చూపినా దిక్కులతోనే చెప్తారు.

"దక్షిణం దిక్కున ఒకడున్నడు!"

"దక్షిణం ఎటండీ?"

"దక్షిణం తెల్వదా? సదువుకున్నవు గద!"

ఈ వాదన తేలేలోపు మా సైనికురాలు తుపాకీ గుండు తిని మంచులో పడేది. అలా ఎన్నిసార్లు పోయిందో! ఇంతా చేస్తే ఆయన చెప్తున్నది ఆటలోని దక్షిణం కాదు, మా ఫ్లాటు దక్షిణం. చివరికి ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. టీవీకి కుడి పక్క వంటిల్లు, ఎడమ పక్క బాల్కనీ, మా వెనక మెట్లు. దాంతో ఆట గాడిలో పడింది. "బాల్కనీ దిక్కు ఒకడు దాక్కున్నడు!" అనగానే నేను పేల్చేదాన్ని. "మెట్ల దిక్కు సూడు, మెట్ల దిక్కు!" అనగానే గిర్రున తిప్పేదాన్ని. అడ్డమొచ్చిన ప్రతివాణ్ణీ కాల్చడం ఆయనకి నచ్చలేదు. "వాడు వాని పని జేసుకుంటున్నడు, వాన్నెందుకు? పక్కకెళ్ళి పో," అనేవారు. ఆయన మాట విని గోడవారగా పోతే సగం ఊరు చప్పుడు లేకుండా దాటేశాం. ఇంకోసారి ఆయన మాటే విని తిన్నగా శత్రువుల వంటశాలలోకి పోయి దొరికిపోయాం.

ఆదివారం సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "బస్సెక్కావా?"

"లేదమ్మా. మంచులో ఇరుక్కుపోయాం."

"మంచేంటే ఈ ఎండల్లో? ఇరుక్కుపోయాం ఏంటి, ఎవరెవరు?"

"నేనూ మావయ్య గారూనమ్మా. మళ్ళీ చేస్తాను, వెనక ఎవడో వస్తున్నాడు." అని పెట్టేశాను. మా అమ్మ వెంటనే పుణెకి ఫోన్ చేసి, మీ ఇంట్లో ఇద్దరికీ వడదెబ్బ తగిలినట్టుంది బాబూ అని చెప్పిందట.

శుక్రవారం వచ్చింది. ఇంకా గనిలోకి దిగనే లేదు. మావయ్య గారు కవరు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"చెప్పు బిడ్డా. వాపసు ఇద్దమా, కట్టేసుకుందమా?"

"మీరేమంటారు?"

"నన్నెందుకు అడుగుతవు? ఎద్దు నీది."

నేను ఆ వీడియోల కుర్రాళ్ళిద్దర్నీ తలుచుకున్నాను. కథ పొట్టిదే, నిజం; సాగదీస్తున్నది మేమే. బొమ్మ అక్కడక్కడా ఆగిపోతుంది, అదీ నిజమే. శత్రువులు కొన్నిసార్లు గోడలో సగం ఇరుక్కుని నిలబడతారు. వాళ్ళు చెప్పినవన్నీ సరైనవే.

"కట్టేసుకుందాం మావయ్య గారూ," అన్నాను.

ఆయన డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు. తనే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి ఇచ్చి వచ్చారు. జోగారావు గారు ఈసారి తనంతట తనే చెయ్యి చాపి కండువా వేయించుకున్నారట. ఆ మాట చెప్పి మావయ్య గారు పగలబడి నవ్వారు. ఆయన నవ్వు అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మొదటి వానలు పడ్డాక అత్తయ్య గారు అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి తిరిగొచ్చారు. పుణె నుంచి దిగిన మా ఆయన ముందు అక్కడికే పోయి ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ మెట్లెక్కి వస్తుండగానే హాల్లోంచి మావయ్య గారి కేక వినబడిందట, "వంటింట్లనే ఉన్నడు! కాల్చెయ్ బిడ్డా, వదలకు!"

అత్తయ్య గారు గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. చేతిలోని సంచి కింద పడింది. లోపల కూలరు పక్కన కుర్చీలో మొగుడు, ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కోడలు, ఇద్దరి కళ్ళూ టీవీకి అతుక్కుపోయి ఉన్నాయి. గని అడుగున ఆఖరి పోరాటం. లేచే వీలు లేదు.

"గిదేంది? నేను జర అటు పోంగనే ఇల్లు గిట్లయిందా?" అన్నారు ఆవిడ.

"ఆగు కౌసల్యా, బాల్కనీ దిక్కుకెళ్ళి ఇంకొకడు ఒస్తున్నడు," అన్నారు మావయ్య గారు తల తిప్పకుండా. అత్తయ్య గారు చటుక్కున బాల్కనీ వైపు చూశారు. ఆ తర్వాత నవ్వుతూ గుమ్మంలోనే కూలబడ్డారు.

మా ఆయన బూట్లు విప్పేసి ఉత్సాహంగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అన్ని నెలల తర్వాత వచ్చిన మనిషి. నాకూ గుండె నిండిపోయింది, అబద్ధమెందుకు. అలా భుజం మీద చెయ్యి వేసి, రెండో చెయ్యి జాయ్‌స్టిక్ మీదికి పోనిచ్చాడు. "ఇటియ్యి, ఈ చివరిది నేను కొట్టిపెడత."

మావయ్య గారు ఆ చేతిని కండువాతో తోసేశారు. "జోడు కుదిరినంక నడుమ నువ్వెందుకురా? నువ్వు పోయి జరసేపు మెట్ల మీద కూసో."

అప్పుడు పోయి కూర్చున్నవాడు, ఆ మర్నాటి నుంచి ఒక కొత్త అలవాటు నేర్చుకున్నాడు. ఇప్పటికీ మేమిద్దరం ఆటలో ఉన్నప్పుడు హాల్లోకి రావాలంటే, మా ఆయన గుమ్మం అవతల నిలబడి దగ్గుతాడు.